బర్రె, దూడ, గొర్రె, కోడి: ప్రొబయోటిక్ పొడి ఎంత, ఎప్పుడు, ఎట్లా ఇవ్వాలి

పాలు తగ్గినా, దూడ పారుకున్నా, కోళ్లకు బరువు రాకపోయినా మందుల షాపులో చేతికిచ్చే ప్యాకెట్లలో ఇప్పుడు ప్రొబయోటిక్ పొడి, అంటే కడుపుకు మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల పొడి, తప్పకుండా ఉంటుంది. సరిగా వాడితే పనికొచ్చే సరుకే. అయితే వరంగల్ ఎండలకు షాపు అరలో రెండు నెలలు ఉడికిన ప్యాకెట్‌లో బతికున్నది ఎంత, మీరు కలిపే నీళ్లలో బ్లీచింగ్ ఎంత, పక్కన యాంటీబయాటిక్ నడుస్తోందా అన్న మూడు సంగతులు చూసుకోకపోతే ఆ డబ్బంతా పెండలో కలిసినట్టే.

పొడిలో ఏముంటుంది, కడుపులోకి వెళ్లి ఏం చేస్తుంది

మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది లాక్టోబాసిల్లస్, ఎంటరోకాకస్ లాంటి పులియబెట్టే బ్యాక్టీరియా. దూడలకు, కోడిపిల్లలకు నప్పుతుంది కానీ వేడికి, క్లోరిన్‌కు తట్టుకోదు. రెండోది బాసిల్లస్ సబ్టిలిస్ లాంటి గింజ కట్టే బ్యాక్టీరియా. గట్టి పెంకులో నిద్రపోతూ ఉంటుంది కాబట్టి వేడికి ఓర్చుకుంటుంది, పేగులోకి చేరాక మేల్కొంటుంది. మూడోది ఈస్ట్, అంటే శాకరోమైసిస్ సెరివిసియే. నెమరువేసే పెద్ద జీవాలకు ఎక్కువగా వాడేది ఇదే.

ఒక్క లెక్క చూస్తే ఈ పొడి నుంచి ఎంత ఆశించవచ్చో అర్థమవుతుంది. పెద్ద బర్రె మొదటి పొట్టలో 60 లీటర్లకు పైనే సరుకు ఉంటుంది. ఆ రసం ఒక్క మిల్లీలీటరులో సుమారు 1000 కోట్ల బ్యాక్టీరియా, ఒక్కోసారి అంతకు పదింతలు ఉంటాయి. మీరు రోజూ ఇచ్చే మోతాదులో ఉండే జీవులు కూడా దాదాపు అన్నే, అంటే ఒక చెంచా రసంలో ఉన్నన్ని. కాబట్టి అవి వెళ్లి పాతవాటిని గెంటేసి కాపురం పెడతాయని అనుకోవద్దు. చుట్టపు చూపుగా వచ్చి, ఉన్న నాలుగు రోజులు చేతనైన సాయం చేసి పోతాయి. ఇవ్వడం ఆపితే కొద్ది రోజుల్లోనే పెండలో వాటి జాడ తగ్గిపోతుంది.

ఆ సాయం ఎట్లాంటిదో ఈస్ట్‌ను చూస్తే తెలుస్తుంది. మేతతో, ఉమ్మితో కొంత గాలి పొట్టలోకి పోతుంది. గడ్డి పీచును కరిగించే బ్యాక్టీరియాకు ఆ గాలిలోని ఆక్సిజన్ పడదు. ఈస్ట్ దాన్ని తినేస్తుంది కాబట్టి పీచు కరిగించేవి బలపడతాయి. దాణా ఎక్కువైనప్పుడు ఊరే లాక్టిక్ ఆమ్లాన్ని తినే బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది, దాంతో పొట్ట పులుపెక్కడం తగ్గుతుంది.

అప్పుడే పుట్టిన దూడ, హేచరీ నుంచి వచ్చిన కోడిపిల్ల సంగతి వేరు. వాటి పేగు ఇంకా ఖాళీ ఇల్లు. ముందు చేరినవాటికే చోటు. ప్రొబయోటిక్ ఎక్కువ ఫలితం చూపేది ఈ వయసులోనే.

ముందు లేబుల్ చదవండి

ప్యాకెట్ మీద నాలుగు సంగతులు ఉండాలి: జీవి పూర్తి పేరు, దాని స్ట్రెయిన్ (ఆ జీవిలో ఏ రకమో చెప్పే) నంబరు, గ్రాముకు ఎన్ని సీఎఫ్‌యూ, ఎంత చల్లదనంలో దాచాలి. సీఎఫ్‌యూ అంటే బతికుండి పెరగగలిగే జీవుల లెక్క. అది తయారైన రోజు లెక్కా, గడువు తేదీ నాటి లెక్కా అన్నది చూడండి. గడువు నాటికి హామీ ఇచ్చే ప్యాకెట్‌కు పది రూపాయలు ఎక్కువైనా అదే కొనండి. "మేలు చేసే బ్యాక్టీరియా, విటమిన్లు, ఎంజైములు" అని రాసి అంకె వేయని ప్యాకెట్‌ను అక్కడే వదిలేయండి.

అంకెను కోట్లలోకి మార్చుకుంటే పని సులువు. ఒకటి పక్కన తొమ్మిది సున్నాలుంటే 100 కోట్లు, పది సున్నాలుంటే 1000 కోట్లు. రోజుకు ఇవ్వాల్సినవి సుమారుగా ఇట్లా ఉంటాయి:

- పాలిచ్చే బర్రె, ఆవు: ఈస్ట్ 1000 నుంచి 5000 కోట్లు
- పాలు తాగే దూడ: లాక్టోబాసిల్లస్ రకం 100 నుంచి 1000 కోట్లు
- గొర్రె, మేక: ఈస్ట్ 100 నుంచి 500 కోట్లు
- కోళ్లు: కిలో దాణాకు 10 నుంచి 100 కోట్లు

గ్రాముకు 500 కోట్లున్న ఈస్ట్ పొడి అయితే బర్రెకు 2 నుంచి 10 గ్రాములు. అదే రకం లాక్టోబాసిల్లస్ పొడి అయితే దూడకు 1 గ్రాము చాలు. కోళ్ల షెడ్డుకు గ్రాముకు 500 కోట్లున్న బాసిల్లస్ పొడి తెచ్చారనుకోండి. టన్ను దాణాకు కిలోకు 100 కోట్ల చొప్పున లక్ష కోట్లు కావాలి. లక్ష కోట్లంటే పెద్ద ప్రాజెక్టు లెక్కలా వినిపిస్తుంది కానీ తూస్తే 200 గ్రాములే. లేబుల్ మీది మోతాదు దీనికి బాగా దూరంగా ఉంటే, అంకె తప్పా లేక మీకు ఎక్కువ అమ్ముతున్నారా అని అడగండి. గ్రాముల లెక్కకు చెంచా పనికిరాదు. పొడిని బట్టి చెంచాకు మూడు గ్రాములూ పడుతుంది, ఐదూ పడుతుంది. బంగారం షాపుల్లో వాడేలాంటి చిన్న కాటా ఒకటి దగ్గర పెట్టుకోండి.

బతికుందా లేదా ఇంట్లోనే చూడండి

ఈస్ట్‌కు: గ్లాసులో 100 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు పోయండి. వేలు పెడితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఒక చెంచా చక్కెర, 5 గ్రాముల పొడి వేసి కలిపి కదపకుండా పెట్టండి. అరగంటలో పైన నురగ తేలి, కల్లు ముంత దగ్గర వచ్చే వాసన రావాలి. నురగ రాకపోతే రెండు కారణాలుండవచ్చు. పొడి చచ్చిపోయి ఉండవచ్చు, లేదా అది "ఈస్ట్ కల్చర్" కావచ్చు. ఈస్ట్ కల్చర్ అంటే పులియబెట్టి ఆరబెట్టిన సరుకు, అందులో బతికున్న ఈస్ట్ ఉండాలన్న నియమం లేదు. దాని ఉపయోగం దానికుంది కానీ ఇక్కడ చెప్పే లెక్కలు దానికి వర్తించవు.

లాక్టోబాసిల్లస్‌కు: పాలు మరగబెట్టి గోరువెచ్చగా చల్లార్చి రెండు గిన్నెల్లో పోయండి. ఒకదానిలో అర గ్రాము పొడి కలపండి, రెండోదాన్ని అట్లాగే ఉంచండి. ఒక రోజు తర్వాత పొడి వేసిన పాలే తోడుకుని, రెండోవి తోడుకోకపోతే పొడి బతికున్నట్టు. రెండూ తోడుకుంటే మీ గిన్నె సరిగా కడగలేదని అర్థం. బాసిల్లస్‌కు ఇంట్లో చేసుకోగలిగే తేలిక పరీక్ష లేదు.

ప్యాకెట్ విప్పాక గాలి చొరకుండా మడిచి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో 44 డిగ్రీలు దాటే చోట రేకుల షెడ్డు కింద దాణా గదిలో పెడితే బాసిల్లస్ తప్ప మిగతావి ఎన్నో రోజులు నిలవవు. ఒక ఎండాకాలానికి సరిపడా ఒకేసారి కొనొద్దు. తడి చెయ్యి, తడి చెంచా తగిలితే పొడి గడ్డ కట్టి లోపలే పాడవుతుంది.

పాలిచ్చే బర్రెలకు

ఈస్ట్ మొదలుపెట్టే ముందు మేత చూడండి. యాసంగి తర్వాత చాలా ఇళ్లలో వరిగడ్డే ఆధారం. అందులో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే. పీచు కరిగించే బ్యాక్టీరియా పెరగాలంటే మొత్తం మేతలో కనీసం 7, 8 శాతం ఉండాలి. అది లేకుండా ఈస్ట్ వేయడం ఎట్లుంటుందంటే కూలీలను పిలిచి కొడవళ్లు ఇవ్వనట్టు. ముందు పత్తి చెక్క, వేరుశనగ చెక్క, పచ్చి జొన్న, నేపియర్ గడ్డిలో ఏదో ఒకటి చేర్చండి. ఏదీ దొరకని రోజులకు వరిగడ్డిని యూరియాతో మాగబెట్టుకోవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 40 నుంచి 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాలి. తీశాక వాసన పోయేదాకా కాసేపు ఆరబెట్టి వేయాలి. యూరియా నీళ్లు మాత్రం జీవాలకు అందే చోట వదలొద్దు, తాగితే ప్రాణానికే ముప్పు. ఆరు నెలలు దాటని దూడలకు ఈ గడ్డి వేయొద్దు.

ఈస్ట్ ఈనడానికి 21 రోజుల ముందు మొదలుపెట్టి, ఈనాక రెండు మూడు నెలలు ఇవ్వడం మేలు. ఆ రోజుల్లోనే దాణా ఒక్కసారిగా పెరుగుతుంది, పొట్ట తడబడేదీ అప్పుడే. మేత మార్చాలనుకుంటే వారం, పది రోజుల ముందే ఈస్ట్ మొదలుపెట్టండి. ఏ రోజు మోతాదు ఆ రోజే ఇవ్వాలి, వారానికొకసారి గుప్పెడు వేస్తే లాభం లేదు.

కలపడంలో ఎక్కువ మంది చేసే తప్పు ఒకటుంది. పొయ్యి మీద ఉడికిన దాణాలో, పొగలు కక్కే కుడితిలో పొడి వేస్తారు. ఈస్ట్ అక్కడే చచ్చిపోతుంది. దాణా చల్లారాక, చెయ్యి నిబ్బరంగా పెట్టగలిగినప్పుడు వేయండి. మందకు ఒకేసారి కలుపుతుంటే పొడిని నేరుగా కుప్ప మీద చల్లకండి. 100 గ్రాముల పొడిని ముందు ఒక కిలో తవుడులో, దాన్ని పది కిలోల దాణాలో, ఆ తర్వాత మొత్తంలో కలపండి. అట్లా చేయకపోతే ఒక బర్రెకు పది మోతాదులు, ఇంకోదానికి సున్నా పడుతుంది. ఖనిజ మిశ్రమంతో కలిపి నెలలు నిల్వ చేయవద్దు. అందులోని రాగి లవణాలు జీవులకు పడవు. తినిపించే పూట కలిపితే ఇబ్బంది లేదు.

రెండు మూడు వారాలు గడవకుండా ఫలితం చూడవద్దు. మేత సరిగా ఉన్న బర్రెలో పాలు కొద్దిగా పెరగవచ్చు, వెన్న శాతం నిలకడగా ఉండవచ్చు, పెండ కుదుటపడవచ్చు. "రెండు లీటర్లు పెరుగుతాయి" అని షాపులో ఎవరైనా అంటే ఆ మాట నమ్మి అప్పు చేయకండి.

పెళ్లి అన్నం తిన్న బర్రె, మక్కల కుప్ప మీద పడ్డ గొర్రెలు

పెళ్లిళ్ల రోజుల్లో మిగిలిన అన్నం తెచ్చి బర్రె ముందు పోస్తారు. మక్కలు కళ్ళంలో ఆరబోసిన రోజుల్లో మంద రాత్రిపూట కుప్ప మీద పడుతుంది. రెండింటి ఫలితం ఒకటే. పిండి పదార్థం పులిసి పొట్ట ఆమ్లం అయిపోతుంది, పులుపును కొలిచే పీహెచ్ అంకె 5.5 కంటే దిగువకు పడుతుంది. జీవం మేత ముట్టదు, నెమరువేయదు, పొట్ట ఉబ్బి నీళ్ల శబ్దం చేస్తుంది, పెండ పలచగా పుల్లటి వాసన వస్తుంది, తర్వాత నిలబడలేక కూలబడుతుంది.

ఈ స్థితిలో ప్రొబయోటిక్ పొడి చేసేది ఏమీ లేదు. మజ్జిగ తాగించడం ఇంకా తప్పు. పొట్ట ఇప్పటికే పులిసింది, దానికి ఇంకా పులుపు పోస్తున్నారు. పైగా తల ఎత్తిపట్టి సీసాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఆ దెబ్బతోనే చచ్చిపోయే జీవాలున్నాయి. దాణా, గింజ వెంటనే ఎత్తేసి, ఎండు గడ్డి మాత్రమే ముందు పెట్టి, 1962 నంబరుకు గానీ దగ్గరి పశువైద్యశాలకు గానీ ఫోన్ చేయండి. ఎన్ని కిలోలు తిన్నది, ఎప్పుడు తిన్నది చెప్పండి. తినే సోడా ఎంత పోయాలి, రక్తంలోకి ఏం ఎక్కించాలి అన్నది దాన్ని బట్టే డాక్టర్ నిర్ణయిస్తారు.

గండం గడిచాక పొట్టలో మేలు చేసే జీవులు చాలావరకు పోయి ఉంటాయి. అప్పుడు పొడి కంటే బలమైన వైద్యం ఒకటుంది, అదీ పాతదే: ఆరోగ్యంగా ఉన్న జీవం పొట్ట రసాన్ని తెచ్చి ఎక్కించడం. కబేళాలో అప్పుడే కోసిన, జబ్బు లేని జీవం మొదటి పొట్ట నుంచి రసం తీసి, గుడ్డతో వడకట్టి, వెచ్చగా చల్లారకుండా వీలైనంత త్వరగా తేవాలి. పెద్ద పశువుకు కనీసం 3 లీటర్లు, 8 దాటితే మరీ మంచిది. గొర్రెకు ఒక లీటరు లోపే. ట్యూబుతో ఎక్కించే పని డాక్టర్‌కే వదలండి. ఆ ఒక్క లీటరులో వందల రకాల జీవులుంటాయి, ప్యాకెట్‌లో ఒకటి రెండు రకాలే.

పొట్టేళ్లను బలిపించేవాళ్లు ఈ బాధ రాకుండా గింజను రెండు మూడు రోజులకోసారి 50 గ్రాముల చొప్పునే పెంచాలి. ఈస్ట్ అప్పుడు తోడుగా పనికొస్తుంది. గింజను గబగబా పెంచితే మాత్రం అది కాపాడలేదు.

దూడలకు

పుట్టిన రెండు గంటల్లో జున్నుపాలు, దూడ బరువులో పదో వంతు. ఇది జరగకపోతే మిగతాదంతా వృథా. దూడ తాగిన పాలు మొదటి పొట్టలోకి కాకుండా నేరుగా నాలుగో పొట్టకు పోతాయి, అందుకే ఇక్కడ లాక్టోబాసిల్లస్ రకమే మేలు.

రెండో రోజు నుంచి, పాలు పితికిన వేడి మీదే, రోజుకు ఒకసారి, మూడు వారాలు ఇవ్వండి. మోతాదును ముందు అర గ్లాసు పాలలో కలిపి, దాన్ని తాగే పాలలో పోయండి. ముందే కలిపి గంటలకొద్దీ ఉంచితే పాలు పులిసిపోతాయి. తాగించే బకెట్‌ను మరిగే నీళ్లతో కడిగి, చల్లారాక వాడాలి.

దూడ పారుకుంటే ప్రొబయోటిక్ కంటే ముందు నీళ్లు, ఉప్పు. చర్మం మెడ దగ్గర పట్టి లాగి వదలండి, రెండు సెకన్లలో సర్దుకోకపోతే ఒంట్లో నీరు తగ్గినట్టే. ఓఆర్‌ఎస్ రోజుకు 2 నుంచి 4 లీటర్లు కొద్దికొద్దిగా, పాలకు రెండు గంటలు ఎడమగా పట్టండి. పాలు మానిపించవద్దు. రక్తం పడినా, దూడ చల్లబడినా, లేవకపోయినా డాక్టర్ రావాల్సిందే.

కోళ్లకు

1973లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త నుర్మి, ఆయన తోటివారు పెద్ద కోడి పేగు సరుకును అప్పుడే పొదిగిన పిల్లలకు ఇచ్చి, సాల్మొనెల్లా వాటిలో నిలదొక్కుకోలేదని చూపించారు. తల్లి వెంట తిరిగే నాటుకోడి పిల్లలకు ఈ పని తల్లే చేస్తుంది, ఆమె రెట్టల్లో గింజలు ఏరుకునేటప్పుడే. వాటికి ప్యాకెట్ కొనాల్సిన పనిలేదు. హేచరీ పిల్లకు తల్లి లేదు. అందుకే మొదటి వారం ముఖ్యం.

నీళ్లలో ఇచ్చే పద్ధతి: బ్లీచింగ్ కలిపిన ట్యాంకు నీళ్లు వద్దు. బోరు నీళ్లు నేరుగా పట్టండి. తప్పనిసరైతే ఆ నీళ్లను తెరిచిన తొట్టిలో ఒక రోజు ఉంచి, లీటరుకు 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి పావుగంట ఆగి, అప్పుడు ప్రొబయోటిక్ వేయండి. పాలపొడి మిగిలిన క్లోరిన్‌ను పట్టేస్తుంది. కోళ్లు పొడిచి తాగే నిపుల్ పైపుల్లో ముందురోజు క్లోరిన్‌తో గానీ ఆమ్లంతో గానీ శుభ్రం చేసి ఉంటే మంచినీళ్లతో బాగా కడగండి. పది రోజుల వయసున్న వెయ్యి బ్రాయిలర్లు రోజుకు 50, 60 లీటర్లు తాగుతాయి. అందులో నాలుగో వంతు, అంటే 12 నుంచి 15 లీటర్లలో ఆ రోజు తినే దాణాకు సరిపడే మోతాదు కలిపి, పొద్దున్నే, గంటసేపు నీళ్లు ఆపిన తర్వాత పెట్టండి. ఎండాకాలం అరగంటకు మించి ఆపొద్దు. రెండు గంటల్లో అయిపోవాలి. మిగిలితే పారబోయండి.

పెల్లెట్ (గుళికల) దాణా తయారీలో వేడి 70, 80 డిగ్రీలు దాటుతుంది. ఆ దాణాలో ముందే కలపాలంటే బాసిల్లస్ ఒక్కటే నిలుస్తుంది. ఇంట్లో మక్కలు ఆడించి మాష్ (పొడి దాణా) కలుపుకునేవాళ్లు ఏ రకమైనా వాడవచ్చు.

రెట్టలో రక్తం కనబడితే అది కాక్సీడియా కావచ్చు. అది బ్యాక్టీరియా కాదు, పేగులో పెరిగే పరాన్నజీవి, ప్రొబయోటిక్‌తో పోదు. లిట్టర్ (షెడ్డులో పరిచిన ఊక) తడి చూసి, డాక్టర్ చెప్పిన మందు వెంటనే వేయండి.

యాంటీబయాటిక్ నడుస్తుంటే

రెండూ ఒకే బకెట్లో కలపడం బాగా కనిపించే తప్పు. పులియబెట్టే రకాన్నీ, మేల్కొన్న బాసిల్లస్‌నూ యాంటీబయాటిక్ చంపుతుంది. కోర్సు అయిపోయిన మర్నాడు మొదలుపెట్టి పది రోజులు ఇవ్వండి. ఈస్ట్ బ్యాక్టీరియా కాదు కాబట్టి దాన్ని కోర్సు మధ్యలోనూ కొనసాగించవచ్చు. ప్రొబయోటిక్ పోస్తున్నామన్న ధైర్యంతో కోర్సును మధ్యలో ఆపకండి. కోళ్ల షెడ్లలో ఒకప్పుడు విచ్చలవిడిగా వాడిన కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను తినే జంతువులకు వాడకుండా మన దేశంలో 2019 జూలైలోనే నిషేధించారు. పాత డబ్బా ఏదైనా షెడ్డు మూలన ఉంటే వాడొద్దు.

పనిచేసిందో లేదో ఎట్లా తెలుస్తుంది

ఈనిన బర్రె పాలు ముందు పెరిగి తర్వాత వాటంతటవే తగ్గుతాయి. ఎండ తగ్గినా పెరుగుతాయి. అందుకే "పొడి వేసిన నెల, వేయని నెల" అని పోలిస్తే మోసపోతారు. దాదాపు ఒకే సమయంలో ఈనిన రెండు బర్రెలను తీసుకుని ఒకదానికి వేయండి, నెల తర్వాత మార్చండి. రోజూ పూటపూటకూ పాలు రాయండి. కోళ్ల షెడ్డుకు మధ్యలో జాలీ కట్టి సగానికి ఇవ్వండి, రెండు వైపులా తిన్న దాణాను పెరిగిన బరువుతో భాగించి చూడండి.

పెండ కడిగి చూడటం మరో మంచి పద్ధతి. పొద్దున వేసిన పెండ ఒక లీటరంత తీసుకుని, సన్న జల్లెడలో వేసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. మిగిలినదాన్ని అరచేతిలో పరిచి చూడండి. గింజలు గింజలుగానే కనబడితే, సెంటీమీటరు కంటే పొడవు గడ్డిముక్కలు ఎక్కువగా ఉంటే మేత అరగడం లేదన్నమాట. మూడు వారాల తర్వాత అదే బర్రెకు, అదే మేతపై మళ్లీ కడగండి. తీరిగ్గా పడుకున్న జీవం ఒక్కో ముద్దను 50 నుంచి 70 సార్లు నమలాలి, అదీ లెక్కపెట్టండి.

దూడల బరువుకు కాటా లేకపోతే టేపు చాలు. ముందరి కాళ్ల వెనక ఛాతి చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి తోక పక్కన పొడుచుకొచ్చే పిరుదు ఎముక వరకు పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. ఛాతి 30, పొడవు 28 అంగుళాలైతే 38 కిలోలు. పది రోజులకోసారి, ఒకే వ్యక్తి, ఒకే పూట కొలవాలి.

నెల తర్వాత లెక్కల పుస్తకంలో తేడా కనబడకపోతే పొడి ఆపేసి ఆ డబ్బుతో చెక్క కొనండి. తేడా ఉండీ కారణం అంతుపట్టకపోతే, మామునూరు, కోరుట్ల పశువైద్య కళాశాలల్లో మేత గురించి అడగవచ్చు. వెళ్లేటప్పుడు ప్యాకెట్, రాసుకున్న పుస్తకం రెండూ తీసుకెళ్లండి.